జపాను రాణివాసము – మన బొమ్మల కొలువు



గడచిన సంక్రాంతికి మా యింటి బొమ్మల కొలువులో జపాను రాణివాసమును నిలుపవలెనని పిల్లలు పట్టుబట్టిరి. మాది విజయవాడ వన్ టౌను. కొండ దిగువ ఇరుకు సందులో రెండు గదుల వాటా. అయినను భోగినాడు ఐదు మెట్లు కట్టి బొమ్మలు పెట్టని యేడు లేదు. జపానులోను మార్చి 3వ తేదీన ‘హిన మత్సురి’ యను ఆడపిల్లల పండుగ జరుగును. ఎఱ్ఱని వస్త్రము పఱచిన మెట్లపై, అన్నింటికంటె మీద చక్రవర్తి దంపతుల బొమ్మలను, వారి క్రింద ముగ్గురు పరిచారికలను, ఆ క్రింద ఐదుగురు మేళగాండ్రను కూర్చుండబెట్టుదురు. మన కొలువునకు తోబుట్టువువలె నున్న యీ ఆచారమును పుస్తకములో చూచి, మా పిల్లలు బొమ్మలతో తృప్తిపడక, తామే వేషములు కట్టి వేయి యేండ్ల నాటి కొలువును ఆడి చూపుటకు సిద్ధపడిరి.

వేషములు ఒక్క దినములో కుదిరినవి. మాటలే కుదరలేదు. రాణి వేషము వేసిన మా చెల్లెలి కుమార్తె ముందుకు వచ్చి, తన పేరునకు తానే ‘సమ’ యని చేర్చి చెప్పుకొనెను. ‘సమ’ యనునది మన ‘గారు’ కంటె నొక మెట్టు పైది. ఇతరుల పేరునకే కాని తన పేరునకు చేర్చరాదు. “నేను రాణీగారిని, వచ్చితిని” అన్నట్లయ్యెను. ఆ తప్పు దిద్దబోయి నేను తెలిసికొన్న సంగతులు, పిల్లలచే ఇట్టి ఆటలాడించు తల్లులకు ఉపయోగించునని యిచ్చట వ్రాయుచున్నాను.

జపాను భాష మన కృష్ణాతీరమునకు బొత్తిగా క్రొత్తది కాదు. భట్లపెనుమర్రున జన్మించిన పింగళి వెంకయ్య గారు 1913లో బాపట్లలో జపాను భాషలో ఉపన్యసించి ‘జపాను వెంకయ్య’ యని ప్రసిద్ధి కెక్కిరి. 1921లో మన బెజవాడలోనే వారు గాంధీ మహాత్మునకు జాతీయ పతాకపు నమూనాను సమర్పించిరి. అంతకు చాల మునుపే, 17వ శతాబ్దమున, డచ్చి వర్తకులు కోరమండల తీరపు అద్దకపు బట్టలను జపానుకు చేర్చుచుండిరి. ఆ దేశస్థులు వానిని ‘సరస’ యని పిలిచి అపురూపముగా దాచుకొనిరి. బట్టలతో మన స్నేహము మొదలైనది గనుక నేనును రంగులతోనే మొదలిడుదును.

జపాను భాషలో మిక్కిలి పాతవగు రంగు మాటలు నాలుగు: ‘అక’ ఎఱుపు, ‘షిరొ’ తెలుపు, ‘కురొ’ నలుపు, నాలుగవది ‘అఓ’. ఈ కడపటిదానికి ఒక్క అర్థము చెప్పుట కష్టము. ఆకాశము అఓ; చెట్టుమీది ఆకు అఓ; నేటికిని వీథి కూడలిలో బండ్లను పొమ్మని చెప్పు ఆకుపచ్చ దీపమును వారు అఓ యనియే యందురు. ఆకుపచ్చకు ‘మిదొరి’ యను వేఱు మాట యున్నది గాని, అది తొలుత లేజిగురును చెప్పిన మాట. ఇది విని పిల్లలు పకపక నవ్విరి. నవ్వనేల? మన ‘పచ్చ’ మాట యేమి? పసుపు పూసిన గడప పచ్చన, ఎదిగిన వరిచేను పచ్చన, మేలిమి బంగారము పచ్చన. వేఱుపఱుపవలసి వచ్చినప్పుడే కదా ఆకుపచ్చ, పసుపుపచ్చ యని విడదీసి చెప్పుదుము!

తక్కిన రంగుల పేర్లును మన చీరల రంగులవంటివే. మనము చిలకపచ్చ, వంకాయరంగు, ఉల్లిపొరరంగు అన్నట్లు వారును చెట్టుచేమలనుండి పేర్లు తెచ్చుకొనిరి. ‘మురసకి’ యనగా ఊదా. ఆ రంగు నిచ్చు వేరుగల మొక్క పేరే రంగునకు వచ్చినది. ‘కురెనై’ యనగా కుసుమపూల నుండి తీసిన ఎఱుపు. మనము నూనెగింజలకై పండించు కుసుమయే యది. రంగు వారికి అంతస్తునకు గుర్తు. 603వ సంవత్సరమున కొలువులోని ఉద్యోగులను 12 తరగతులుగా విభజించి, ఎవరి తరగతి యేదో టోపీ రంగుచేత తెలియునట్లు చేసిరి. తరువాతి కాలమున ముదురు ఊదా, ముదురు కుసుమ యెఱుపు అందఱును కట్టరాని రంగులైనవి. వాని లేత చాయలను మాత్రము ఎవరైనను కట్టవచ్చును. ఆ లేత చాయలకు ‘యురుషి ఇరొ’, అనగా అనుమతించిన రంగులు, అని పేరు. రాణివాసపు స్త్రీలు పట్టువస్త్రములను ఒకదానిమీద నొకటి తొడిగి, చేతుల అంచులయందు ఆ రంగులన్నియు వరుసగా కనబడునట్లు సవరించుకొందురు. ఆ పొందికలకు ఋతువునుబట్టి పూల పేర్లు, ఆకుల పేర్లు పెట్టిరి. కావున మేము రాణికి ముదురు ఎఱుపును, చెలికత్తెలకు లేత చాయలను కేటాయించి, పాత ఓణీలతోనే పని గడుపుకొంటిమి.

ఇక మర్యాద మాటలు. జపాను మర్యాద పేరు చివర కంటె క్రియలో నెక్కువగా నుండును. ఎదుటివారి పనిని హెచ్చించి చెప్పు మాటలు కొన్ని. తన పనిని తగ్గించి చెప్పు మాటలు కొన్ని. వినువారి యెడల మర్యాదకై వాడునవి కొన్ని. పెద్దలు చెప్పినచో ‘ఒష్షరు’, తాను పెద్దలతో చెప్పినచో ‘మోసు’. ఇది మనకు తెలియని విద్య కాదు. పెద్దలు సెలవిత్తురు, మనము మనవి చేసికొందుము. “నేను సెలవిచ్చుచున్నాను, తమరు మనవి చేయుడు” అన్నచో సభ యంతయు నవ్వదా! ఒక్కచోట మాత్రము వారికిని మనకును భేదము కలదు. మనము పరాయివారితోను “మా అత్తగారు, మా నాన్నగారు” అందుము. జపానీయులు ఎదుటివారి తల్లిని ‘ఒకాసన్’ అని గౌరవించి, తమ తల్లిని గూర్చి బయటివారితో చెప్పునప్పుడు వట్టి ‘హహ’ యందురు. తనవారిని పరులయెదుట హెచ్చించుట తన్ను తాను హెచ్చించుకొనుటయే యని వారి తలంపు.

వేయి యేండ్ల నాటి వేషమునకు నేటి మాట అతుకదని మఱువరాదు. ఇప్పటి జపాను వాక్యముల చివర వినవచ్చు ‘మసు’, ‘దెసు’ లును, పేర్ల చివరి ‘సన్’ అనునదియు తరువాతి కాలమున ఏర్పడినవి. వానిని నాటి రాణిచేత పలికించుట, కృష్ణదేవరాయల వేషధారి “హలో అండీ” యనుట వంటిది. ఆ కాలమున కొలువులోని స్త్రీలను సొంత పేరుతో పిలుచుట వాడుక కాదు. 11వ శతాబ్దపు తొలినాళ్లలో ‘గెంజి కథ’ను రచించిన విదుషీమణిని లోకము మురసకి షికిబు అని యెఱుగును. మురసకి యనునది ఊదా రంగు, ఆమె కథలోని నాయిక పేరు. షికిబు అనునది ఆమె తండ్రి పనిచేసిన ప్రభుత్వశాఖ పేరు. అంతటి రచయిత్రి సొంత పేరు నిశ్చయముగా నెవరికిని తెలియదు. ఇంకొక విశేషము. తరువాతి శతాబ్దములలో రాణివాసపు పరిచారికలు తమలో తాము వాడుకొన్న మాటలు దేశమంతట వ్యాపించినవి. చల్లని నీటికి వారు పెట్టుకొన్న ‘ఒహియ’ యను పేరు నేటికిని భోజనశాలలలో వినబడును.

ఈ సంగతులు పిల్లలకు చెప్పుచుండగా, కుళాయి యొద్ద అంట్లు తోముచున్న ముసలమ్మ పని యాపి వినుచుండెను. ఆమె 11 యేండ్లుగా మా యింట పనిచేయుచున్నది. వయస్సున నాకంటె పెద్ద. అయినను ఇంటిల్లిపాదిమి, పిల్లలతో సహా, “ముసలమ్మా, ఇటు రావే” అనియే పిలుచుచుంటిమి. పరిచారిక వేషము వేసిన పిల్ల హఠాత్తుగా, “పెద్దమ్మా, మన ముసలమ్మ అసలు పేరేమిటి?” అని యడిగెను. నాకు జవాబు దొరకలేదు. జపాను రచయిత్రి పేరు పోయినదని అంతసేపు విచారపడిన నేను, నా గడపలోని మనిషి పేరు ఏనాడును అడిగి యుండలేదు.

పిల్లయే పోయి యడిగినది. ఆమె చేతులు కడిగికొని, కొంగుతో తుడుచుకొని, సిగ్గుపడుచు తన పేరు చెప్పి, “ఆ పేరుతో నన్ను పిలిచి చాలా యేళ్లయిందమ్మా” అనెను. ఆ సాయంకాలము ఆట మొదలగునప్పుడు రాణి వేషములో నున్న మా పిల్ల ఆమెను ముందు వరుసకు తోడ్కొని వచ్చి, “రండి, ఇక్కడ కూర్చోండి” అన్నది. అది జపాను మాట కాదు, అచ్చమైన తెలుగే.

పత్రికలో తన పేరు వేయవద్దని ఆమె కోరినందున ఇచ్చట వ్రాయలేదు. మా యింట మాత్రము ఇప్పుడు ఆ పేరునకు ‘గారు’ చేరినది. నా నోటికి ఇంకను అప్పుడప్పుడు పాత పిలుపే వచ్చుచుండును, పిల్లలు దిద్దుచున్నారు.