కుంచె పట్టిన తోడేలు

లోకమంతా చీకటి కమ్మి సూర్యుడు కనబడకుండా పోతే ఏం చేయాలి? మన పురాణాల్లో అయితే దేవతలంతా కూడబలుక్కుని పాలకడలి దగ్గరికి పోయి మొరపెట్టుకుంటారు. జపాను పురాణంలో అయితే గుహ ముందు చేరి నాట్యం చేశారు. 2006వ సంవత్సరంలో జపానులో వెలువడిన ఒక వీడియో ఆటలో మాత్రం ఆడేవాడు కుంచె తీసి ఆకాశంమీద ఒక సున్న చుడతాడు. అంతే, సూర్యుడు వస్తాడు.

ఆ ఆట పేరు ‘ఓకామి’. కాప్‌కామ్ అనే కంపెనీ కింద పనిచేసిన క్లోవర్ స్టూడియో దీన్ని తయారుచేసింది. దర్శకుడు హిడేకి కామియా. జపాను భాషలో ఓకామి అంటే తోడేలు. అదే ఉచ్చారణతో వేరే లిపిచిహ్నాలు పెడితే ‘మహాదైవం’ అని అర్థం. రాఘవపాండవీయం పుట్టిన గడ్డమీద వున్నవాళ్ళకు శ్లేష అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఈ ఆటలో కథానాయిక తెల్లని ఆడతోడేలు. ఆమే సూర్యదేవత అమతెరాసు. ఒక్క మాటలో కథంతా ఇమిడిపోయింది!

అమతెరాసు కథ క్రీ.శ. 712లో సంకలితమైన ‘కోజికి’ గ్రంథంలో వున్నది. ఇజనాగి అనే ఆదిదేవుడు నదిలో స్నానంచేస్తూ ఎడమకన్ను కడుక్కుంటే సూర్యదేవత పుట్టిందట. కుడికన్ను కడిగితే చంద్రుడు, ముక్కు కడిగితే సుసానో అనే తుంటరి దేవుడు. పురుషసూక్తంలో సూర్యుడు విరాట్పురుషుని కంటినుంచే గదా పుట్టాడు! ఎవరు ఎవరిదగ్గర నేర్చుకున్నారని తగవు పెట్టుకోవటం నాకిష్టం లేదు. సూర్యుణ్ణి చూచిన ప్రతి మనిషికీ కన్ను గుర్తుకు రావటం సహజమే కాబోలు. తమ్ముడి ఆగడాలు భరించలేక ఆ దేవత గుహలోకి పోయి తలుపు మూసుకున్నది. లోకం చీకటైంది. ఉజుమె అనే దేవత గుహ ముందు చిందులు తొక్కింది, దేవతలందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వు ఏమిటా అని ఈవిడ తలుపు కాస్త ఓరగా తీసింది. అలిగి తలుపేసుకున్న ఆడపడుచును బయటికి రప్పించే ఉపాయం మన ఇళ్ళలోనూ ఇంతకంటే భిన్నంగా వుండదు.

ఆటలో కథ వేరు. నూరేళ్ళ క్రిందట ఒరోచి అనే ఎనిమిది తలల మహాసర్పాన్ని నాగి అనే వీరుడు ఒక తెల్ల తోడేలు సాయంతో అణచాడు. తోడేలు ప్రాణం విడిచింది. ఊరివాళ్ళు శిల్పం చేసి గుడిలో నిలిపారు. నూరేళ్ళకు సర్పం మళ్ళీ లేస్తుంది. నేల ఎండిపోతుంది, చెట్లు మోడువారతాయి. అప్పుడు ఆ రాతి తోడేలుకు ప్రాణం వస్తుంది. ఆమెకు తోడు ఇస్సున్ అని వేలెడంత మనిషి, దేశదిమ్మరి చిత్రకారుడు. ఊళ్ళో సుసానో అని ఒక కత్తివీరుడున్నాడు. పాత దేవుడి పేరు పెట్టుకున్న ఇతగాడు అచ్చం మన ఉత్తరకుమారుడే. బండరాతిని కత్తితో కొడతాడు, రాయి చెక్కుచెదరదు. వెనుకనుంచి తోడేలు ఎవరికీ కనబడకుండా కుంచెతో ఒక గీత గీస్తుంది, రాయి రెండు చెక్కలవుతుంది. అంతా తన ప్రతాపమేనని ఆయన మీసం మెలివేస్తాడు. బృహన్నల ఇక్కడ నోరులేని జంతువు, అంతే తేడా.

ఆ కుంచె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆట నడుస్తుండగా ఒక మీట నొక్కితే తెరమీది దృశ్యమంతా కదలకుండా నిలిచిపోయి పాతబడిన కాగితంలా గోధుమవన్నెకు తిరుగుతుంది. తోడేలు తోకే కుంచె. అడ్డంగా గీత గీస్తే ఎదుటి రాక్షసుడు తెగుతాడు. ఎండిన చెట్టు చుట్టూ సున్న చుడితే పూలు పూస్తాయి. నెలవంక గీస్తే రాత్రి అవుతుంది. నీటిమీద సున్న చుడితే తామరాకు తేలుతుంది, దానిమీద నిలబడి ఏరు దాటవచ్చు. విరిగిన వంతెనమీద కుంచె రుద్దితే వంతెన అతుక్కుంటుంది. ఊళ్ళో ఒక ముసలమ్మ బట్టలారేసుకునే గడ విరిగితే దాన్ని బాగుచేయటం కూడా ఈ మహాదేవత పనే! రాక్షససంహారం ఎంత ముఖ్యమో, ముసలమ్మ దండెం అంత ముఖ్యం. ఆకలిగొన్న పిట్టలకు నాలుగు గింజలు వేసినా, మోడుకు చిగురు పుట్టించినా లోకం సంతోషించి దేవతకు బలం చేకూరుతుంది. నాకు ఈ ఆటమీద గౌరవం కలిగింది ఇక్కడే.

అయితే సిరా అపారం కాదు. బుడ్లు లెక్కప్రకారం వుంటాయి. దుబారా చేస్తే సిరా నిండుకుని దేవత ఒంటిమీది ఎర్రని దివ్యచిహ్నాలు మాయమవుతాయి. సిరా వూరేదాకా మామూలు తోడేలు. ఆ చిహ్నాలైనా అందరికీ కనబడవు. నమ్మకం లేనివాడి కంటికి ఆమె వట్టి తెల్లకుక్క.

జపాను సిరాచిత్రాలకు కావలసిన సరంజామా బహు స్వల్పం. దీపపు మసిని జిగురుతో కలిపి కడ్డీగా ఆరబెడతారు. రాతిమీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి అరగదీస్తే సిరా. మనవాళ్ళు తాటాకుమీద గంటంతో గీరి, ఆ గాట్లలో మసి పూసి అక్షరాన్ని కనబడేట్టు చేసినవాళ్ళే గనుక ఆ నలుపు మనకు కొత్త కాదు. ఈ ఆటను మొదట తలపెట్టినప్పుడు ఫోటోలాగా, ఉన్నదున్నట్టు అడవిని చూపాలనుకున్నారట. అప్పటి ప్లేస్టేషన్ 2 యంత్రానికి అంత శక్తి చాలలేదు. ఆ సమయంలో బృందంలో ఒకరు, పరుగెత్తుతున్న తోడేలును కుంచెగీతల్లో వేసి, అడుగు పడినచోటల్లా పూలు మొలుస్తున్నట్టు చూపించారు. ఆ ఒక్క బొమ్మతో ఆట తీరే మారిపోయింది. బొమ్మంతా కుంచెతో వేసినట్టే వున్నప్పుడు ఆడేవాడి చేతికే కుంచె ఎందుకివ్వకూడదన్న ఆలోచన తర్వాత వచ్చింది. సరుకు తక్కువైనచోటే వంటమనిషి నేర్పు బయటపడుతుందని మన అమ్మలకు తెలియనిదా!

చేయి ఎత్తి ఆకాశాన్ని ఆజ్ఞాపించే బొమ్మ మన ప్రాంతంలో రెండువేల ఏళ్ళ క్రిందటే వున్నది. నందిగామనుంచి హైదరాబాదు రోడ్డున పోతే వచ్చే జగ్గయ్యపేట పక్కన ధనబోడు అనే గుట్ట వున్నది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడి బౌద్ధస్తూపాన్ని తవ్వించాడు. దొరికిన పలకల్లో ఒకటి మాంధాత చక్రవర్తిది; ఇప్పుడు మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో వున్నది. పైన ఛత్రం, చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి మొదలైన సప్తరత్నాలు. చక్రవర్తి కుడిచేయి పైకెత్తాడు; మేఘాలనుంచి చతురస్రపు నాణేలు వానగా రాలుతున్నాయి. సన్నని పొడుగాటి గీతలతో, లోతు లేకుండా చెక్కిన ఆ శిల్పం రాతిమీద వేసిన చిత్రంలాగే వుంటుంది. ఇక్కడి అబ్బాయి తెరమీద చేయి కదిపి సూర్యుణ్ణి రప్పిస్తుంటే, వాడి ఊరి దగ్గరి రాతిలోనే అటువంటి చేయి ఒకటి వున్నదని వాడికి చెప్పినవారు లేరు. ఎలా చెబుతారు? చూపిద్దామంటే పలక మద్రాసులో!

కథ చివర చెప్పేస్తున్నందుకు ఆట ఆడబోయేవారు క్షమించాలి. అంతిమయుద్ధంలో అమతెరాసు ఓడిపోయే స్థితికి వస్తుంది. కారణం శత్రువు బలం ఒక్కటే కాదు. జనం ఆమెను మరచిపోయారు. అప్పుడు ఆ వేలెడంత ఇస్సున్ ఆమె బొమ్మ గీసి దేశమంతటా జనానికి పంచుతాడు. ఆ బొమ్మ చూచి ఒక్కొక్కరూ దణ్ణం పెడతారు. దేవతకు సత్తువ వస్తుంది.

ఈ ఘట్టం చదువుకున్న తెలుగువాడికి చేర్యాల పటాలు గుర్తుకు రాకపోతే ఆశ్చర్యం. తెలంగాణాలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, గంజి, సుద్దమట్టి పట్టించి, ఎర్రని నేలమీద కులపురాణాలను వరసలు వరసలుగా చిత్రిస్తారు. కథచెప్పేవాళ్ళు పదుల అడుగుల ఆ పటాన్ని చుట్టుకుని ఊరూరా తిరిగి, రాత్రిళ్ళు విప్పుతూ, బొమ్మ చూపుతూ కథ నడిపేవారు. పటం లేకపోతే కథ లేదు, కథకుడు రాకపోతే ఆ కులానికి తన దేవుడి సంగతి తెలియదు. ఇప్పుడా పని చేసే కుటుంబాలు వేళ్ళమీద లెక్కించదగినన్ని. గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలకూ మాస్కులకూ గిరాకీ వున్నది గాని, చుట్టిన పటాన్ని విప్పి వినేవాళ్ళు కరువయ్యారు.

ఇక ఓకామి ఆట గతి ఏమైంది? విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, కొనేవాళ్ళు చేయి విదిల్చలేదు. ఆ ఏటి ఉత్తమ క్రీడగా బహుమతి పొందినవాటిలో అతి తక్కువ అమ్ముడైనదని గిన్నిస్ వారి 2010 వీడియో ఆటల గ్రంథంలోకి కూడా ఎక్కింది. ఆట వెలువడిన ఏడాదిలోపే క్లోవర్ స్టూడియోను ఎత్తివేశారు. 2008లో వీ అనే మరో యంత్రానికి ఈ ఆటను మార్చినప్పుడు అమెరికాలో అచ్చైన అట్టమీద, ఏదో వెబ్‌సైటునుంచి తీసుకున్న బొమ్మతోపాటు ఆ వెబ్‌సైటు ముద్ర కూడా వచ్చేసింది. కంపెనీ నాలుక కరుచుకుని వేరే అట్టలు వుచితంగా పంపింది. అది నవ్వుకోదగినదే. రెండోది నవ్వుకోదగినది కాదు. అదే ప్రతిలో చివర తయారుచేసినవాళ్ళ పేర్లు వచ్చే భాగాన్ని తొలగించారు. అందులో మూతపడిన స్టూడియో గుర్తు కలిసిపోయి వున్నదట, దాన్ని విడదీయటం కుదరలేదట. దేవత బొమ్మ వేసినవాణ్ణి గొప్ప చేసిన ఆటలో, బొమ్మలు వేసినవాళ్ళ పేర్లే లేకుండా పోయాయి!

మళ్ళీ ధనబోడు దగ్గరికి రాక తప్పదు. అక్కడి స్తంభాలమీద క్రీ.శ. మూడో శతాబ్దపు ప్రాకృత శాసనం వున్నది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో పాలనాసంవత్సరంలో, సిద్ధార్థుడు అనే శిల్పి, తల్లినీ భార్యనూ పిల్లలనూ తోడుచేసుకుని, మహాచైత్యం తూర్పువాకిట అయిదు ఆయకస్తంభాలు నిలిపానని రాయించుకున్నాడు. రాజు పేరు కాలం చెప్పటానికే. దాత పేరు, పనివాడి పేరు ఒక్కటే. ఆ అక్షరాల నిలువుగీతలు కిందికి సాగి, వంపు తిరిగి, కుంచెతో లాగినట్టుంటాయి. పదిహేడు వందల ఏళ్ళు నిలిచింది ఆ పేరు. ఆట బిళ్ళమీది పేర్లు రెండేళ్ళు నిలవలేదు.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న నాకు తెలుసు: పిల్లల చేతికి ఇవ్వవచ్చునా? అమెరికాలో దీన్ని పదమూడేళ్ళు దాటినవారికని నిర్ణయించారు, అది సబబే. ఇస్సున్‌గారికి ఆడవాళ్ళను చూస్తే నోరు అదుపులో వుండదు. సారాయి ప్రసక్తి అడుగడుగునా వున్నది, ఎందుకంటే ఒరోచిని పురాణంలో చంపిందే సారాయి తాగించి. మొదటి భాగం సాగదీత, ముప్ఫై నలభై గంటలకు తక్కువ కాకుండా పడుతుంది. పాత్రలు మాట్లాడేది ఏ భాషా కాదు, వట్టి గొణుగుడు. అర్థమంతా కింద వచ్చే అక్షరాల్లో. తెలుగు లేదు గనుక ఇంగ్లీషు చదవాలి. పక్కన కూర్చుని పెద్దవాళ్ళెవరైనా అర్థం చెబుతుంటే పురాణకాలక్షేపంలా జరిగిపోతుంది.

మన పురాణాలతో ఇటువంటిది చేయలేమా అంటే, పూనాలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ అనే చిన్న సంస్థ 2020లో ‘రాజీ’ అనే ఆటను పహాడీ చిత్రాల తీరు చూచుకుని చేసింది. చేర్యాల ఎరుపు, కలంకారీ గీత, కొండపల్లి బొమ్మ నునుపు ఇంకా ఎవరో పూనుకోవటానికి కాచుకుని వున్నాయి. ఓకామి మాత్రం చావలేదు. 2012లో స్పష్టమైన కొత్త ప్రతి వచ్చింది. 2017లో కంప్యూటర్లకూ, మరుసటేడు స్విచ్ యంత్రానికీ చేరింది. 2024 డిసెంబరులో దాని తరువాయి కథను ప్రకటించారు. దర్శకుడు మళ్ళీ కామియాయే. ఈసారి ఆయన కొత్తగా పెట్టుకున్న స్టూడియో పేరు క్లోవర్స్.