చెరిపినదెల్ల చెరగదు

పాత కంప్యూటరును అమ్మివేయుట, లేక బంధువుల పిల్లల చదువునకు ఇచ్చివేయుట నేడు అనేక గృహములలో జరుగుచున్న పని. ఇచ్చుటకు ముందు ఫొటోలు, బ్యాంకు కాగితములు, ఆధారు కార్డు ప్రతులు అన్నియు చెరిపివేసితిమని ఇంటివారు నిశ్చింతగా నుందురు. ఆ కంప్యూటరులో నున్నది సాలిడ్ స్టేట్ డ్రైవు, అనగా ఎస్.ఎస్.డి. అయినచో, ఆ నిశ్చింతకు తగిన ఆధారము కలదా అని ఈ ప్రసంగములో విచారింపదలచితిమి.

చిరకాలముగా వాడుకలో నున్న హార్డ్ డిస్కులో అయస్కాంతపు పూత గల పళ్ళెములు తిరుగుచుండును. అందు ఒక వ్రాతపై మరియొకటి వ్రాసినచో, సాధారణముగా అది అదే చోట పడి, మొదటిది నశించును. 1996లో పీటర్ గుట్‌మన్ అను పరిశోధకుడు 35 మారులు పైపైన వ్రాయు పద్ధతిని ప్రకటించెను. అది ఆనాటి డిస్కులకై ఉద్దేశింపబడినది. అదే మందు ఎస్.ఎస్.డి.కిని పనిచేయునని నేటికిని పలువురు తలచుచున్నారు. పనిచేయదు, కారణము దాని నిర్మాణములోనే కలదు.

ఎస్.ఎస్.డి.లో తిరుగు పళ్ళెములు లేవు. జపానులో తోషిబా సంస్థయందు పనిచేసిన ఫుజియో మసుఓకా 1980-90 దశాబ్దములో రూపొందించిన ఫ్లాష్ మెమరీ దానికి మూలము. అతి సూక్ష్మములైన గదులలో ఎలక్ట్రానులను బంధించి అందు విషయమును నిలుపుదురు. అయస్కాంతముతో దీనిని తుడువజాలము. వ్రాయుట పేజీల లెక్కన జరుగును. ఒక్కొక్క పేజీ కొన్ని కిలోబైట్లు. చెరుపుట మాత్రము వందలాది పేజీలు గల బ్లాకు మొత్తముగనే సాధ్యము. బ్లాకును చెరుపకుండ, వ్రాసిన పేజీపై తిరిగి వ్రాయ వీలులేదు. పైగా చెరిపిన కొలదియు ఆ గదులు అరిగిపోవును. ఈ చిక్కులను సర్దుటకు డ్రైవులోనే కంట్రోలరు అను యంత్రాంగము కలదు.

దీనిని పూర్వపు గ్రామ కరణముతో పోల్చవచ్చును. ఒక రైతు లెక్కను మార్చుమని కోరినప్పుడు ఈ కరణము పాత పుటను కొట్టివేయడు. క్రొత్త పుటలో వ్రాసి, ఇకమీదట ఈ లెక్కను ఇచ్చట చూడవలెనని తన సూచికలో గుర్తు పెట్టుకొనును. పాత పుట దస్త్రములో అట్లే పడియుండును. తీరిక దొరకినప్పుడో, కాగితము కొరత వచ్చినప్పుడో, పనికివచ్చు పుటలను వేరొక దస్త్రములోనికి ఎత్తివ్రాసి, పాత దస్త్రము నంతటిని ఒక్కసారిగా ఖాళీ చేయును. మన కంటబడని అదనపు దస్త్రములు కొన్ని అతని యొద్ద ఎల్లప్పుడును ఉండును.

కావున ఒక ఫైలుపై 35 మారులు వ్రాసినచో 35 క్రొత్త పుటలు నిండునే కాని, పాత పుట పోయినదని చెప్పజాలము. 2011లో అమెరికాలోని శాన్ డియేగోలో గల కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు డ్రైవులలోని చిప్పులను నేరుగా చదివి చూచిరి. ఒక్క ఫైలును మాత్రమే చెరుపుటకు ప్రచారములో నున్న పద్ధతులలో ఏదియు పూర్తిగా ఫలింపలేదని తేలినది. డ్రైవు నంతటిని చెరుపు అంతర్గత ఆజ్ఞలు సరిగా అమర్చినచోట ఫలించినవి. కొన్ని డ్రైవులలో ఆ అమరికయే లోపభూయిష్టముగా నుండెను.

అయినచో చేయవలసినదేమి? పుటల సంగతి కరణమునకే తెలియును గనుక, ఆజ్ఞను కరణమునకే ఈయవలెను. శానిటైజ్, సెక్యూర్ ఎరేజ్ అను ఆజ్ఞలు ఇందుకే ఏర్పడినవి. డ్రైవు తయారుచేసినవారు ఇచ్చు సాఫ్ట్‌వేరు ద్వారా సాధారణముగా వీనిని జరిపింపవచ్చును. ఇవి సర్వమును తుడిచివేయును గాన, కావలసిన వానికి ప్రతులను ముందుగనే తీసికొనవలెను.

అంతకంటె మేలైనది, కంప్యూటరు కొన్ననాడే డ్రైవు నంతటిని ఎన్‌క్రిప్షన్‌లో, అనగా రహస్యలిపిలో, ఉంచుట. విండోస్‌లో బిట్‌లాకర్, ఆపిల్ కంప్యూటరులలో ఫైల్‌వాల్ట్ ఈ పని చేయును. అప్పుడు ఏ పుట ఎక్కడ మిగిలినను అది అర్థముకాని వ్రాతయే. దానిని విప్పు తాళపుచెవి నశించినచో ఎవ్వరును చదువలేరు. అన్నియు నింపిన పిదప మొదలిడినచో మాత్రము, అంతకుముందటి వ్రాతలు అదనపు దస్త్రములలో మిగిలియుండవచ్చును. చెడిపోయి ఏ ఆజ్ఞయు వినని డ్రైవునకు, లోపలి చిప్పులనన్నిటిని పొడిచేయుటయే మార్గము. పై డబ్బాను పగులగొట్టిన చాలదు.

పాత కంప్యూటరు గడప దాటుటకు ముందు, దానిలోనిది హార్డ్ డిస్కా, ఎస్.ఎస్.డి.యా అని తెలిసికొని, తదుపరియే చెరుపు పనికి పూనుకొనవలెనని శ్రోతలకు మనవి చేయుచున్నాము.