సర్కారు అప్పుతో కారు కర్మాగారములు

శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణ ప్రాంతముల నుండి రైలు పనికై తరలివచ్చిన తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్న ఖరగ్‌పూరులో, నింపురా, మథురాకాటి వాడలందలి క్వార్టర్లలో పుట్టి పెరిగినవారికి, ప్రభుత్వము ఒక ప్రైవేటు కంపెనీకి ప్రజాధనముతో అండగా నిలుచుట కొత్త సంగతి కాదు. ఈ ఊరే అట్టి అండతో వెలసినది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇంగ్లండులో మూలధనము కూర్చుకొనగా, ఆ ధనముపై వడ్డీకి పూచీపడినది భారత ప్రభుత్వము. అనగా శిస్తు కట్టు రైతులును, పన్నుతో కూడిన ఉప్పు కొనుక్కొను బీదలును. ఎలక్ట్రిక్ కార్ల కంపెనీలకు ప్రభుత్వములు అప్పులిచ్చుట వలన పన్ను కట్టువానికి మేలా, కీడా యని నేడు పలు దేశములలో సాగుచున్న వాదమును విచారించుటకు ఇంతకంటె తగిన చోటు నాకు తోచదు.

పూచీ పద్ధతి మొదట 1849లో ఈస్టిండియన్, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా కంపెనీలతో ఆరంభమయ్యెను. భూమి ఉచితము, పెట్టుబడిపై 5 శాతము వడ్డీ నిశ్చయము, రాబడి తక్కువపడినచో లోటంతయు ఖజానా పూడ్చవలెను. ఫలిత మేమనగా, పొదుపుగా కట్టవలెనను చింత కంపెనీలకు లేకపోయెను. లోగడ భారతదేశపు ఆర్థికసభ్యుడుగా నుండిన విలియం మాసీ 1872లో పార్లమెంటు సంఘము నెదుట సాక్ష్యమిచ్చుచు, ఆంగ్లేయ ధనికునకు తన 5 శాతము నిశ్చయముగా ముట్టుచుండగా, అతని సొమ్ము ఇటుకలుగా మారినను హుగ్లీ నదిలో పారవేయబడినను అతనికి పట్టదని భావము వచ్చునట్లు చెప్పెను. ఆ అనుభవము వృథా పోలేదు. తరువాతి ఒప్పందములలో, బెంగాల్ నాగపూర్ కంపెనీతో చేసికొన్న దానియందు కూడ, వడ్డీకి పూచీ యున్నను, మార్గము ప్రభుత్వపు ఆస్తిగనే యుండునట్లును, మిగులు లాభములో అధికభాగము ఖజానాకే చేరునట్లును షరతులు వ్రాసికొనిరి. 1944లో ప్రభుత్వము కంపెనీ నిర్వహణను ముగించి పట్టాలతోపాటు ఖరగ్‌పూరు కార్ఖానాను స్వాధీనము చేసికొన్నది. నష్టమునకు పూచీపడినవాడు చివరకు ఆస్తికి యజమాని యగుట ఇందలి న్యాయము. వడ్డీ రూపమున ఇంగ్లండు చేరిన ధనము తిరిగి రాలేదు గాని, కార్ఖానా మిగిలెను, జీతములు మిగిలెను.

ఈ న్యాయము అమెరికాలో ఎంతవరకు పాటింపబడినదో చూతము. అచట 2007 నాటి చట్టము ననుసరించి, తక్కువ ఇంధనముతో నడుచు వాహనముల తయారీకి 2500 కోట్ల డాలర్ల వరకు అప్పులిచ్చు అధికారము ఇంధన శాఖకు లభించినది. ఫోర్డుకు 590 కోట్ల డాలర్లును, టెస్లాకు 46.5 కోట్లును, ఫిస్కర్‌కు 52.9 కోట్లును మంజూరయ్యెను. ఫిస్కర్ తన గడువులను నిలుపుకొనలేకపోగా, 19.2 కోట్లు తీసికొనిన పిమ్మట శాఖ చెల్లింపును ఆపివేసినది. 2013లో కంపెనీ దివాలా తీయగా సుమారు 13.9 కోట్ల డాలర్లు మునిగెను. అదే సంవత్సరము మే నెలలో టెస్లా తన అప్పును గడువుకు తొమ్మిదేండ్లు ముందుగా వడ్డీతో సహా తీర్చివేసినది.

టెస్లా అప్పు తీర్చినదని చెప్పి ముగించువారు అసలు సంగతిని విడిచిపెట్టుచున్నారు. ఆ ఒప్పందములో, టెస్లా వాటాలు సుమారు 30 లక్షలను ఒక్కొక్కటి ఏడున్నర డాలర్ల చొప్పున కొనుగోలు చేయుటకు ప్రభుత్వమునకు హక్కుపత్రములు కలవు. అప్పు ముందుగా తీరినచో అవి చెల్లవు. కంపెనీని త్వరపెట్టుటకే ఆ షరతు విధింపబడినది. అది ఫలించినది కూడ. కాని తీర్చిన దినములలో వాటా ధర 90 డాలర్లకు సమీపమున నుండెను. ఆ హక్కు నిలిచియుండినచో దాని విలువ అప్పటికే 24 కోట్ల డాలర్లు దాటి, ఫిస్కర్ నష్టమును పూడ్చి మిగిలెడిది. ఓడినవాని నష్టము ప్రజలు భరించి, గెలిచినవాని లాభమునుండి వడ్డీ మాత్రము తీసికొను ఋణదాతకు, ఎన్ని అప్పులు సక్రమముగా తీరినను మునిగినవానిని పూడ్చుకొను దారి యిరుకుగనే యుండును.

ఇక మన బెంగాలు కథ. 2006లో సింగూరున టాటా నానో కర్మాగారమునకై 997 ఎకరములు సేకరింపబడెను. నానో పెట్రోలు కారే గాని, అప్పు స్వభావ మొక్కటే. ప్రభుత్వము 1 శాతము వడ్డీకి 200 కోట్ల రూపాయల ఋణము నిచ్చుటకును, దానిని ఇరువదియొకటవ ఏటినుండి మాత్రమే వాయిదాలలో తిరిగి పుచ్చుకొనుటకును ఒప్పుకొనెను. ప్రభుత్వము తాను 8 శాతమునకు సొమ్ము తెచ్చినదనుకొన్నచో, ఏటేట 14 కోట్లు, ఇరువదేండ్లకు 280 కోట్లు, అనగా అసలును మించిన మొత్తము, దానమే. ఈ షరతులు చాలకాలము ప్రజలకు తెలియలేదు. 2008 అక్టోబరులో రైతుల ఆందోళన నడుమ కంపెనీ సింగూరును వీడినది. 2016లో సుప్రీంకోర్టు భూసేకరణను కొట్టివేసి భూములను రైతులకు తిరిగి యిప్పించినది. 2023 అక్టోబరులో మధ్యవర్తుల మండలి, రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థ 765.78 కోట్ల రూపాయలను, 2016 సెప్టెంబరు నుండి 11 శాతము వడ్డీతో, టాటా మోటార్సుకు చెల్లించవలెనని తీర్పు చెప్పినది. భూమి పోగొట్టుకొని పదేండ్లు కోర్టుల చుట్టు తిరిగిన సింగూరు రైతు గూడ పన్ను కట్టువాడే యని తలచినపుడు నా మనస్సు నొచ్చును.

సింగూరు వీడిన కర్మాగారము గుజరాత్‌లోని సానందునకు చేరినది. అచట వడ్డీ 0.1 శాతమే, గడువు ఇరువదేండ్లు, గరిష్ఠ పరిమితి 9570 కోట్లు. అయినను ఆ అప్పు అమ్మకములపై వచ్చు పన్నుతో ముడిపడి యుండుటచే, నానో అమ్ముడుపోని కొలది అప్పును పెరుగలేదు. 2017 చివరి దాకా ఇచ్చినది సుమారు 585 కోట్లు. ఉదారమైన ఒప్పందములో దాగియున్న ఈ ఒక్క జాగ్రత్త ఖజానాను కాపాడినది. నానో 2019 నాటికి ఆగిపోయినను, 2017 డిసెంబరులో అదే సానందునుండి, ప్రభుత్వ సంస్థయైన ఇ.ఇ.ఎస్.ఎల్. కొనుగోలు చేసిన టిగోర్ ఎలక్ట్రిక్ కార్లు వెలువడెను. ఋణదాతయు సర్కారే, కొనుగోలుదారుడును సర్కారే!

ఎలక్ట్రిక్ కార్లకు సర్కారు అండ వలదని నా వాదము కాదు. నగరములలోని పొగ తగ్గుటయు, చమురు దిగుమతులు తగ్గుటయు లెక్కలోని లాభములే. కొత్త విద్యలో మొదటి అడుగు వేయువానికి బ్యాంకులు ధైర్యము చేసి అప్పివ్వవు. కాని నష్టములో పాలు పంచుకొనుమని ప్రజలను పిలిచినపుడు, లాభములో వాటా, ఆస్తిపై హక్కు, పని జరిగిన కొలది విడుదలయగు వాయిదాలు వ్రాతపూర్వకముగా నుండవలెను. బెంగాలులో గాని, ఆంధ్ర, తెలంగాణలలో గాని, రేపు మరియొక కారు కంపెనీకి భూమియు అప్పును ఇచ్చుచున్నామని ప్రకటన వెలువడినపుడు, పాఠకులారా, ఉద్యోగముల సంఖ్య విని తృప్తిపడక, ఒప్పందపు ప్రతిని సంతకమునకు ముందే శాసనసభ యెదుట పెట్టుమని మీ శాసనసభ్యుని అడుగుడు.