గోలీసోడా, మేకలు, ఒక భుజం నొప్పి

సెలవులకు ఈజిప్టుకో మాల్టాకో వెళ్ళి స్కూబా డైవింగ్ చేస్తామని పిల్లలు అడిగితే, మనకు ముందు గుర్తొచ్చేది షార్కులు. ఈవేళ నేను చెప్పబోయేది నీళ్ళలోంచి క్షేమంగా బయటికి వచ్చాక మొదలయ్యే ఒక జబ్బు గురించి. డాక్టర్లు దీన్ని డికంప్రెషన్ సిక్‌నెస్ అంటారు, డైవర్లు ‘బెండ్స్’ అంటారు.

మన ఊళ్ళో గోలీసోడా గుర్తుందా? గోలీ లోపలికి నొక్కగానే బుస్సుమని బుడగలు వస్తాయి. ఒత్తిడి ఉన్నంతసేపూ నీటిలో కరిగి ఉన్న వాయువు, అది తగ్గగానే బయటపడుతుందన్నమాట. మనం పీల్చే గాలిలో ఐదింట నాలుగు వంతులు నైట్రోజన్. 10 మీటర్ల లోతుకు వెళ్ళేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది. ఆ ఒత్తిడిలో నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో, నరాల్లో ఎక్కువగా కరుగుతుంది. మెల్లగా పైకి వస్తే ఊపిరితో పోతుంది. గబగబా వస్తే ఒంట్లోనే బుడగలు కడుతుంది.

ఎంత మెల్లగా రావాలో లెక్క కట్టినవాడు జె.ఎస్. హాల్డేన్. బ్రిటిష్ నౌకాదళం కోసం ఆయన ఇనప గదిలో మేకలను పెట్టి, ఒత్తిడి పెంచి తగ్గించి చూశారు. కీలు నొప్పి వచ్చిన మేక ముందుకాలు పైకెత్తి నిలబడేది. 1906లో స్కాట్లాండులోని రోత్సే దగ్గర సముద్రంలో పరీక్షలు జరిగినప్పుడు, ఆయన 13 ఏళ్ళ కొడుకు కూడా తనకు పెద్దదైన డైవింగ్ సూటు వేసుకుని దిగాడు. మధ్యమధ్య ఆగుతూ పైకి రావాలన్న పట్టికలు 1908లో అచ్చయ్యాయి. ఆ కుర్రాడే తర్వాత ఇండియాలో స్థిరపడిన జె.బి.ఎస్. హాల్డేన్. 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాక, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి అప్పగించారు. కాకినాడవాళ్ళు కొందరికి ఈ సంగతి తెలిసే ఉంటుంది.

మేక నొప్పిని దాచుకోదు. మనమే దాచుకుంటాం. భుజం లాగుతుంటే సిలిండరు మోసినందుకేమో అనుకుంటాం, నీరసం వస్తే ఎండ దెబ్బ అనుకుంటాం. లక్షణాలు చాలామందికి మొదటి కొన్ని గంటల్లోనే కనిపిస్తాయి, ఒక్కోసారి మర్నాటికి గాని తెలియవు. భుజం, మోచేయి నొప్పి, దురద, చర్మం మీద మచ్చలు, విపరీతమైన అలసట. ఇంకా ముదిరితే తిమ్మిర్లు, కాళ్ళలో బలం తగ్గడం, తల తిరగడం, మూత్రం రాకపోవడం. ఇవి వెన్నుపాముకో మెదడుకో చెవికో తగిలాయన్న గుర్తులు. నియమాలన్నీ పాటించినవాళ్ళకు కూడా రావచ్చు. నలుగురిలో ఒకరికి గుండె గదుల మధ్య పుట్టుకతో చిన్న రంధ్రం మిగిలి ఉంటుంది, కొందరిలో బుడగలు అటునుంచి దాటిపోతాయి.

అనుమానం రాగానే పడుకోబెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇవ్వాలి. బ్రిటన్ తీరంలో అయితే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడగాలి. ఆక్సిజన్‌తో నొప్పి తగ్గినా డాక్టరుకు చూపించవలసిందే. అసలు వైద్యం మళ్ళీ ఒత్తిడి పెట్టే చాంబరులో గంటల తరబడి జరుగుతుంది. “మళ్ళీ ఒకసారి నీళ్ళలోకి దిగితే సర్దుకుంటుంది” అని ఎవరైనా అంటే వినకండి.

విమానం సంగతి మరిచిపోకండి. పైన క్యాబిన్‌లో ఒత్తిడి తక్కువ. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, పదేపదే మునిగితే 18 గంటలు ఆగాలంటారు. ఎందుకైనా మంచిది, చివరి రోజు డైవింగ్ పెట్టుకోకండి. ఇంగ్లండులో ఈ అత్యవసర చికిత్స ఎన్.హెచ్.ఎస్. కిందే జరుగుతుంది. విదేశాల్లో చాంబరు ఖర్చు చాలా ఎక్కువ, కాబట్టి ప్రయాణ బీమాలో డైవింగ్ ఉందో లేదో, ఎంత లోతు వరకు ఉందో టిక్కెట్లు కొనేటప్పుడే చూసుకోండి.