ఆర్చీని అడుగు విధము

ఈ పత్రిక చేతికి రాగానే మన ఇండ్లలో మొదట తెరచునది కార్యక్రమముల పట్టిక. ఏ కేంద్రమున, ఏ వేళకు, ఎవరి కచేరి యున్నదో అది చెప్పును. కచేరిని మాత్రము వినిపింపజాలదు. అందుకు రేడియో ముల్లును ఆ కేంద్రమునకు త్రిప్పవలసినదే. ఇట్టి పట్టిక లేక రేడియో మాత్రమే గల గృహస్థుని ఊహించుకొనుడు. కేంద్రములన్నియు అతనికి అందును. కాని ఏది ఎక్కడ పాడుచున్నదో తెలియదు. ముల్లును ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పుచు కూర్చుండవలెను. 1990వ సంవత్సరమునకు పూర్వము ఇంటర్నెట్టులో ఫైళ్లు వెదకువారి స్థితి ఇంచుమించు ఇదియే. వారికి తొలి పట్టికను సమకూర్చిన ఆర్చీ అను ఏర్పాటును గూర్చియు, దానిని అడుగవలసిన తీరును గూర్చియు ఇచ్చట ముచ్చటింతుము.

ఆనాటి ఇంటర్నెట్టులో నేటివలె బొమ్మలతో నిండిన పుటలు లేవు. విశ్వవిద్యాలయములు, పరిశోధనాలయములు తమ కంప్యూటర్లలో ఒక భాగమును ప్రత్యేకించి, ఉచితముగా పంచదగిన ప్రోగ్రాములను, పత్రములను అందుంచి, ఎవరైనను వచ్చి తీసికొని పోవుటకు తలుపు తెరచి యుంచెడివి. ఈ ఇచ్చిపుచ్చుకొనుటకు ఎఫ్.టి.పి. అను నియమావళి యున్నది. దాని తొలి రూపమును 1971 ఏప్రిల్‌లో వ్రాసిన అభయ్ భూషణ్ భారతీయుడు, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి అమెరికాలోని ఎం.ఐ.టి.కి పోయినవాడు. ఈ నిలయములలో ప్రవేశింపగోరువాడు తన పేరు 'అనానిమస్', అనగా అనామకుడు, అని చెప్పి, సంకేతపదమునకు మారుగా తన ఈ-మెయిలు చిరునామాను ఇచ్చుట మర్యాద. పేరు లేదని చెప్పినవాడు మరుక్షణముననే చిరునామా ఇచ్చుట మనకు వింతగా తోచును గాని, ఆ లోకమున అదియే సభ్యత.

తలుపులు తెరచియే యున్నవి. కాని ఏ ఇంట ఏమున్నదో చెప్పువారు లేరు. కెనడా దేశమున మాంట్రియల్ నగరమందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున అలన్ ఎంటాజ్ అను విద్యార్థి కంప్యూటర్ల నిర్వహణ కూడ చూచుచుండెను. ఆతడు బార్బడోస్ ద్వీపమునుండి వచ్చినవాడు. తన శాఖలోని వారికి కావలసిన ఉచిత ప్రోగ్రాములను వెదకి తెచ్చుట ఆతని పనులలో నొకటి. నిలయము వెంట నిలయము తిరిగి విసిగి, ఆతడు ఆ పనిని యంత్రమునకే అప్పగించెను. రాత్రివేళ ఒక ప్రోగ్రాము తానే ఆయా నిలయములకు పోయి, అచ్చటి ఫైళ్ల పేర్ల జాబితాను తెచ్చి మెక్‌గిల్‌లో భద్రపరచును. ఇతరులు కూడ 'ఫలానా ఫైలు ఎక్కడ?' అని అడుగసాగిరి. అప్పుడు పీటర్ డాయిష్, బిల్ హీలన్ అను సహచరులు తోడ్పడి, ఎవరికి వారే ఆ జాబితాను వెదకుకొను వీలు కల్పించిరి. 1990 సెప్టెంబరులో ఇది లోకమునకు వెల్లడి యయ్యెను. 'ఆర్కైవ్' అను ఆంగ్లపదమునుండి ఒక్క అక్షరమును తీసివేయగా 'ఆర్చీ' అను పేరు వచ్చినది.

ఇచ్చట ఒక సంగతి స్పష్టముగా గ్రహింపవలెను. ఆర్చీకి తెలిసినది ఫైళ్ల పేర్లు మాత్రమే. లోపల ఏమున్నదో దానికి తెలియదు. వైద్యవిషయములు గల ఫైలునకు దాని కర్త తన పెంపుడు పిల్లి పేరు పెట్టినచో, 'వైద్యము' అని ఎంత వెదకినను అది కానరాదు. పేర్లు పెట్టుటలో ఏ కట్టుబాటును లేదు. కొన్ని కంప్యూటర్లలో పేరు ఎనిమిది అక్షరములకు మించరాదు, చుక్క పిమ్మట మరి మూడు. అందుచేత మాటలను కత్తిరించి, అచ్చులు తీసివేసి, వింత వింత పొడి పేర్లు పెట్టెడివారు. కావున అడుగువాని నేర్పంతయు పేరును ఊహించుటలోను, ఆ ఊహను యంత్రమునకు చెప్పు తీరులోను ఉన్నది. ఆ తీరులనే 'ఆప్షన్లు' అనిరి.

ఒక ఊరి ఓటర్ల జాబితాను ముందుంచుకొన్న గుమాస్తాను 'రామ' అను పేరు చూడుమని కోరితిమనుకొనుడు. గుమాస్తా అక్షరము తప్పని మనిషియైనచో, అచ్చముగా 'రామ' అని మాత్రమే పేరున్నవారు కలరేమో చూచి, లేరని పుస్తకము మూయును. రామయ్య ఎదుటనే నిలిచియున్నను వానికి పట్టదు. ఇది ఆర్చీలో 'ఇ' ఆప్షను: ఉన్నదున్నట్లు వెదకుట. మరియొక గుమాస్తా ఉదారుడు. రామయ్య, రామలక్ష్మమ్మ, బలరామమూర్తి, సీతారామాంజనేయులు, ఇట్లు పేరులో ఎక్కడ 'రామ' యున్నను వ్రాసి ఇచ్చును. ఇది 'ఎస్' ఆప్షను. 'సి' అనునది కూడ ఇట్టిదే గాని, ఆంగ్లమున పెద్ద అక్షరములను, చిన్న అక్షరములను వేరువేరుగా ఎంచును. 'ఎస్' ఆ భేదమును పాటింపదు. మన లిపిలో ఈ పెద్ద, చిన్న తేడా లేనందున తెలుగువారు దీనిని తేలికగా మరతురు. యూనిక్సు కంప్యూటర్లకు మాత్రము ఆ రెండును వేరువేరు అక్షరములే.

ఉదారుడే మేలని తోచవచ్చును. కాని ఒక ఉదాహరణము చూడుడు. ఫైళ్లను నొక్కి చిన్నవిగా చేయు 'జిప్' అను ప్రోగ్రాము మనకు కావలెను. 'ఎస్' ఆప్షనుతో 'జిప్' అని అడుగగా, ఆ ప్రోగ్రాముచే నొక్కబడిన ప్రతి ఫైలు పేరు చివరను '.జిప్' అని యుండును గనుక, ఆటలు, బొమ్మలు, లెక్కల పుస్తకములు అన్నియు వచ్చి పడును. గుమాస్తాకు ఓపిక అనంతము కాదు. సాధారణ వినియోగదారుని ప్రోగ్రాములో, మనము వేరుగా చెప్పనిచో, 95 సమాధానములతో ఆగును. ఆ తొంబదియైదింటిలో మనకు కావలసినది లేకపోవచ్చును. 'ఎమ్' ఆప్షనుతో ఆ సంఖ్యను పెంచుకొనవచ్చును గాని, చెత్తను పెంచుకొన్నంత మాత్రమున ముత్యము దొరకునా?

ఇట్టి తావుల పనికి వచ్చునది 'ఆర్' ఆప్షను. ఇందు పేరును గాక పేరు యొక్క మచ్చును చెప్పుదుము. ఇంటికప్పు వంటి ^ గుర్తు ముందుంచిన 'దీనితో మొదలగునది' అనియు, $ గుర్తు చివర నుంచిన 'దీనితో ముగియునది' అనియు అర్థము. మన జాబితాలో మొదటిదానితో రామయ్య వచ్చును, బలరామమూర్తి రాడు. 'జిప్' ముందు కప్పు గుర్తు పెట్టి అడిగినచో, తోకకు మాత్రమే జిప్ తగిలించుకొన్నవన్నియు తొలగిపోవును. అయితే చుక్కతో జాగ్రత్త వహింపవలెను. ఫైళ్ల పేర్లలో చుక్క సర్వసాధారణము. ఈ మచ్చులలో చుక్క అనగా 'ఏదో యొక అక్షరము'. నిజమైన చుక్కనే కోరినచో దాని ముందు వెనుకకు వాలిన గీతను ఉంచవలెను. నక్షత్రపు గుర్తు సంగతి ఇంకను చిక్కు. మామూలు ఆజ్ఞలలో నక్షత్రము 'ఏమైనను సరే' అని చెప్పును. ఇచ్చట 'ముందున్న అక్షరము ఎన్నిమార్లైనను' అని చెప్పును. ఆ అలవాటుతో ఈ మచ్చును వ్రాసి, సమాధానము రాలేదని యంత్రమును నిందించినవారు పెక్కురు.

మాకు అన్నిటికన్న నచ్చినది 'ఇ', 'ఎస్' రెండింటిని కలిపి అడుగుట. అప్పుడు ఆర్చీ మొదట ఉన్నదున్నట్లు చూచును. దొరకనప్పుడే ఉదారముగా వెదకును. సి, ఎస్, ఆర్ మూడింటిని ఒకేసారి వ్రాసినచో చివరిది మాత్రమే చెల్లును. 'టి' ఆప్షను ఇచ్చిన సమాధానములు తేదీల వరుసను, క్రొత్తవి ముందుగా వచ్చును. ఒకే ప్రోగ్రాము పాతది, క్రొత్తది పది నిలయములలో పడియున్నప్పుడు దీని విలువ తెలియును. పేరే తెలియనివారికి 'వాటిజ్' అను వేరొక ఆజ్ఞ కలదు. అది ప్రోగ్రాముల సంక్షిప్త వర్ణనలను వెదకి, పేరు చెప్పును. ఆ పేరుతో మరల అడుగవలెను. ఆ వర్ణనలు అన్ని ప్రోగ్రాములకు లేవు.

ఇంత విచారమెందుకు, మరల మరల అడుగరాదా అని పాఠకులు శంకింపవచ్చును. నాటి వేగమును లెక్కింపుడు. క్షణమునకు 2400 బిట్లు పంపు మోడెముతో పది లక్షల అక్షరముల ఫైలు ఇంటికి చేరుటకు గంటకు మించి పట్టును. తప్పు ఫైలైనచో ఆ గంటయు, టెలిఫోను ఖర్చును వ్యర్థము. నేరుగా ఇంటర్నెట్టు లేక ఈ-మెయిలు మాత్రమే గలవారు ఆర్చీకి జాబు వ్రాసి, ప్రత్యుత్తరమునకు గంటల తరబడి వేచియుండెడివారు. వారికి ఒక్క ఆప్షను తప్పుట ఒక పూట పోవుట. పైగా ఆర్చీ ఒక్కరి సొత్తు కాదు. మచ్చుతో వెదకుట యంత్రమునకు ఎక్కువ శ్రమ. ఒకడు అనవసరముగా విశాలమైన ప్రశ్న వేసినచో వెనుకనున్న వారందరును నిలిచిపోవుదురు. అందుచేతనే ఆస్ట్రేలియా, ఫిన్లండు, బ్రిటను మొదలగు దేశములలో వేరు ఆర్చీలు వెలసెను. దగ్గరి దానినే, రద్దీ లేని వేళ అడుగుడని కోరెడివారు. 'ఎన్' అను ఆప్షను కూడ ఉండెడిది: 'నాకు తొందర లేదు, ఇతరులను ముందు చూడుము' అని యంత్రమునకు తెలుపుటకు. ఎంత తొందర లేదో 35 వేలు దాటిన సంఖ్యవరకు చెప్పవచ్చును. టిక్కెట్ల కిటికీ ముందు నిలిచినవారికి ఇట్టి ఆప్షను ఇచ్చి చూడవలెను!

ఆర్చీ సమాధానమున నిలయము పేరు, అరలు, ఫైలు పేరు, పరిమాణము, తేదీ యుండును. జాబితాను ప్రతి నిలయమునుండి సుమారు నెలకొకసారి క్రొత్తగా తెచ్చెడివారు గాన, చెప్పినచోట ఫైలు లేకపోవుటయు కలదు. ఫైలు ఉన్నను మరియొక గండము: తెచ్చుకొనుటకు ముందు 'బైనరీ' అని చెప్పవలెను. మరచినచో యంత్రము దానిని సామాన్య వ్రాతగా నెంచి లోపలి సంజ్ఞలను మార్చుటయు జరుగును. పూర్తిగా వచ్చినట్లే కనబడును, తెరువబోయిన తెరచుకొనదు.

1992 నాటికి ఆర్చీ జాబితాలో ఇరువది లక్షలకు పైగా ఫైళ్లుండెను. ఆ యేటనే ఎంటాజ్, డాయిష్‌లు బనిప్ అను సంస్థను స్థాపించిరి. నెవాడా విశ్వవిద్యాలయమునుండి 'వెరోనికా' వెలువడినదియు అప్పుడే. అది గోఫర్ అను మరియొక పద్ధతిలోని జాబితాలను వెదకును. 1994లో వచ్చిన వెబ్‌క్రాలర్ పేరుతో ఆగక, పుటలోని ప్రతి మాటను వెదకసాగెను. పిల్లి పేరు పెట్టిన వైద్యగ్రంథము కూడ అప్పటినుండి దొరకసాగినది. ఆర్చీని అడుగువారు తగ్గి, నిలయములు ఒకటొకటిగా మూతపడినను, వార్సా విశ్వవిద్యాలయమున ఒకటి చాలకాలము నిలిచి యుండెను. ఎంటాజ్ తన కల్పనకు పేటెంటు తీసికొనలేదు. 2017లో ఇంటర్నెట్టు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆతని పేరును చేర్చిరి.