పల్స్ ఆక్సీమీటర్: రోజూ వాడితేనే పలికే యంత్రం

1970ల మొదట్లో టోక్యోలోని నిహాన్ కోడెన్ కంపెనీలో టకువో అయోయాగి అనే ఇంజినీరును ఒక చిక్కు వేధించింది. రక్తంలోకి రంగు ఎక్కించి, చెవి తమ్మె గుండా వెలుతురు పంపి, గుండె ఎంత రక్తాన్ని తోడుతోందో కొలవడం ఆయన పని. నాడి కొట్టుకున్నప్పుడల్లా గీత వణికి లెక్క చెడేది. ఆ వణుకును అణచాలని రెండో కాంతిని జోడించాడు. అణిగింది, కానీ రక్తంలో ఆక్సిజన్ మారగానే మళ్లీ తలెత్తింది. అంటే ఆ వణుకుతోనే ఆక్సిజన్‌ను కొలవొచ్చు! 1974లో ఆయన ఈ పద్ధతిని వెల్లడించాడు.

ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్ పరారుణ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆక్సిజన్‌ను దించేసిన హిమోగ్లోబిన్ ఎర్ర కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. చర్మం, ఎముక, సిరల్లోని రక్తం వాటా దాదాపు మారదు. నాడితో పాటు పెరిగి తగ్గేది ధమని రక్తమే. మారే ఆ భాగాన్ని రెండు కాంతుల్లోనూ పోల్చి ఆక్సీమీటర్ శాతం చూపిస్తుంది.

1980లలో అమెరికా కంపెనీలు దీన్ని ఆపరేషన్ థియేటర్లలోకి తెచ్చాయి. కోవిడ్ కాలంలో ఆశా కార్యకర్తల సంచుల్లోకీ చేరింది. లోకమంతా ఈ యంత్రం కోసం వెతుకుతున్న 2020 ఏప్రిల్‌లోనే అయోయాగి కన్నుమూశాడు.

సెప్సిస్ రోగికి దీని అవసరం ఎక్కువ. ఇన్ఫెక్షన్‌పై పోరాడాల్సిన శరీరం అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీసుకోవడం సెప్సిస్. 2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.9 కోట్ల మందికి వచ్చిందనీ, 1.1 కోట్ల మరణాలతో దీనికి సంబంధం ఉందనీ అంచనా. ఆయాసం, మగత, పడిపోతున్న బీపీ ముందుగా కనిపించే గుర్తులు. ఆక్సీమీటర్ ఒక్కటే జబ్బును తేల్చదు. ఆక్సిజన్ పెట్టాలా, పెద్దాసుపత్రికి పంపాలా అనే నిర్ణయానికి మాత్రం ఆసరా అవుతుంది.

షాక్‌లోకి జారే రోగికి చేతివేళ్లు చల్లబడతాయి. అప్పుడు యంత్రం అంకె చూపకపోవచ్చు. లోపం బ్యాటరీదా, తెగిన వైరుదా, లేక రక్తం వేలిదాకా చేరడం లేదా? ప్రతి రౌండ్లో దాన్ని వాడే స్టాఫ్ నర్సు ముందు తన వేలికి పెట్టుకుని చూస్తుంది. అక్కడ అంకె వస్తే రోగివైపు పరుగెడుతుంది. బీరువాలోంచి అప్పుడే తీసినవాళ్లు బ్యాటరీలు వెతుకుతారు.

నల్లమల అంచున ఉన్న పుల్లలచెరువు లాంటి చోట ఈ తేడా బరువైనది. పొలంలో గుచ్చుకున్న ముల్లు చీము పట్టినా, బాలింతకు జ్వరం ముదిరినా, ప్రయాణం ఎర్రగొండపాలెం, మార్కాపురం మీదుగా ఒంగోలు దాకా సాగవచ్చు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు ఆ దారిని కాస్త తగ్గించింది. కానీ బయలుదేరాలన్న నిర్ణయం ఊళ్లోనే జరగాలి.

జాతీయ ఆరోగ్య మిషన్ కింద బయోమెడికల్ పరికరాల నిర్వహణ కార్యక్రమం పెట్టినప్పుడు రాష్ట్రాల్లో సర్వే చేశారు. రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం పరికరాలు పనిచేయడం లేదని తేలింది. పరికరాలు పనిచేస్తూ ఉండాల్సిన కాలానికి లక్ష్యం పెట్టారు: జిల్లా ఆసుపత్రిలో 95 శాతం, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 90, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 80. అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏడాదికి 73 రోజులు యంత్రం మూలబడినా లక్ష్యం తప్పినట్టు కాదు. ఒంగోలులో ఒకటి చెడితే పక్క వార్డు నుంచి తెచ్చుకోవచ్చు. ఒక్కటే ఉన్నచోట ఆ వెసులుబాటు ఉండదు.

మెకానిక్ రాకముందే చేయగలిగింది చాలా ఉంది. డ్యూటీ మారేటప్పుడు తన వేలిమీద పరీక్షించడం, క్లిప్పులోని దుమ్ము తుడవడం, వైరు మడత పడకుండా చుట్టడం, చార్జింగులో ఉంచడం, అదనపు ప్రోబ్ ఒకటి దగ్గర పెట్టుకోవడం. సెలైన్, యాంటీబయాటిక్, బీపీ మిషన్ కూడా అదే ట్రేలో ఉండాలి. తనిఖీకి వచ్చే అధికారి స్టాకు రిజిస్టరులో కొన్న తేదీతో సరిపెట్టుకోకుండా, చివరిసారి ఏ రోగికి, ఎప్పుడు పెట్టారో అడిగితే ఆ ట్రే బీరువాలోకి వెళ్లదు.