దూలములోని దొంగ

1829లో వేమన పద్యములను అచ్చువేయించిన బ్రౌను దొర కడప బంగళాలో పండితులచేత వ్రాతప్రతులను సవరింపించెను. అట్టి తాటాకు ప్రతినైనను, ఇంటి దూలమునైనను చెద విడువదు. కర్నూలు, కడప మండలముల మట్టిమిద్దెలయందు దూలము చూపునకు చెక్కుచెదరక నిలిచియుండగనే, ఈ పురుగు వెలుతురునకు వెఱచి, గోడవెంట పెన్సిలంత మందపు మట్టిబాటను కట్టుకొని, కొయ్య లోపలి మెత్తని భాగమును తిని, పైపెచ్చును మాత్రము మిగిల్చిపోవును. తొలకరివానకు రెక్కల చెదలగు ఉసిళ్ళు ఇంటిలోనుండియే వెడలి కిటికీ చెంత రెక్కలు రాల్చినచో, అది శుభవార్త కాదు. దూలమును తట్టుడు, డొల్లగా మ్రోగినచో అనుమానింపవలసినదే. మట్టిబాటను గీకివైచి మురిసిపోవువారిని చూచితిని. గూడు నేలలో పదిలముగనే యుండును! నీరు కారు గొట్టములను బాగుచేయించి, వంటచెఱకును గోడకానించక, క్రొత్త ఇంటికి పునాదినాడే మందు కొట్టించుట మేలు. పాఠకులారా, కొయ్యబీరువాను నేడే జానెడు జరిపి వెనుక చూడుడు.